"మీ ఇష్టం మేడమ్": హోమ్‌లో పెరిగి పద్దెనిమిది దాటిన ఒక అమ్మాయి కేసు

ఇందులో పేరు మార్చాను. ఊరు, జిల్లా, సంస్థ, సంవత్సరాలు రాయడం లేదు. కుటుంబ వివరాలు కొన్నింటిని గుర్తుపట్టకుండా అటూ ఇటూ చేశాను. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టొద్దని బాలల న్యాయ చట్టం (2015) 74వ సెక్షన్ చెబుతుంది. ఈ అమ్మాయి ఇప్పుడు మేజరే అయినా అదే జాగ్రత్త పాటించాను. రాసింది ఆమెకు చదివి వినిపించాను. కొన్ని చోట్ల "ఇది తీసెయ్యండి" అంది. తీసేశాను.

నేపథ్యం

జ్యోతి అనుకుందాం. చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి మేస్త్రీ వెంట కూలికి వలసపోయి మళ్లీ రాలేదు. ఏడెనిమిదేళ్ల వయసులో రైల్వే స్టేషన్‌లో ఒంటరిగా కనిపిస్తే పోలీసులు బాలల సంక్షేమ సమితి (సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయాలు తీసుకునే కమిటీ, అందరం సీడబ్ల్యూసీ అనే అంటాం) ముందు హాజరుపరిచారు. మొదట ప్రభుత్వ బాలసదనం, ఆ తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే హోమ్. బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ ఎవరికీ తెలియక జనవరి 1 అని రాశారు. టెన్త్ మెమోలోనూ ఆధార్‌లోనూ అదే తేదీ. హోమ్‌లలో పెరిగిన పిల్లల కాగితాలు తిరగేస్తే జనవరి 1 పుట్టినరోజులు బోలెడు కనిపిస్తాయి. ఎవరో ఉజ్జాయింపుగా వేసిన ఆ తేదీయే, వీళ్లు గడప దాటాల్సిన రోజును కూడా నిర్ణయిస్తుంది.

హోమ్‌లో అరవై మంది దాకా ఆడపిల్లలు. చెడ్డ హోమ్ కాదు. తిండికి లోటు లేదు, కొట్టడాలు లేవు, బడి మానిపించడాలు లేవు. అయితే పొద్దున లేవడం నుంచి పడుకోవడం దాకా అన్నీ గంట కొడితేనే. సబ్బులు అట్టపెట్టెల్లో వస్తాయి, వార్డెన్ తలా ఒకటి ఇస్తుంది. నూనె, రిబ్బన్లు, లోపలి బట్టలు కూడా అంతే. దాతల పిల్లల పుట్టినరోజులకు కేకు వస్తుంది, వీళ్లు వరుసగా నిలబడి పాట పాడతారు, ఫొటో దిగుతారు. జ్యోతి ఒకసారి ఫొటోలో నిలబడనన్నందుకు ఆమె ఫైల్లో "మొండితనం" అని రాసి ఉంది. ఆ ఫైలు మొత్తంలో ఆమె సొంతంగా ఏదైనా వద్దన్నట్టు నాకు కనిపించిన చోటు అదొక్కటే. నా మటుకు అది మంచి గుర్తు అనిపించింది.

నా దగ్గరికి వచ్చేసరికి

అప్పటికి పదిహేడు నడుస్తోంది. ప్రతి బిడ్డకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలని చట్టం. జ్యోతికీ ఉంది. అందులో "ఆశయం" దగ్గర నర్సు అని రాసి ఉంది. ఆ గడిలో ఆ ఏడాది టెన్త్ అయినవాళ్లందరి ప్రణాళికలూ చూస్తే సగం మందికి నర్సు, మిగతా సగానికి పోలీసు లేదా టీచర్. ఆ నర్సు అన్న మాట పట్టుకుని, వేరే పట్టణంలో హాస్టల్ ఉన్న జూనియర్ కాలేజీలో ఇంటర్ ఒకేషనల్ కింద ఆరోగ్య కార్యకర్త కోర్సులో చేర్చారు. ఫీజుకు దాత కూడా దొరికారు. దసరా సెలవులకు వచ్చిన పిల్ల మళ్లీ వెళ్లలేదు. తర్వాత కుట్టు శిక్షణలో పెట్టారు. మిషను ముందు కూర్చునేదట, కుట్టేది కాదట. నా దగ్గరికి పంపుతూ ఇచ్చిన రిఫరల్ కాగితంలో రాసింది ఇది: "అవకాశాలు ఇచ్చినా వినియోగించుకోవడం లేదు, బాధ్యత లేదు, కౌన్సెలింగ్ అవసరం."

మొదటి మాటల్లోనే నాకు తగిలింది వేరు. ఏం అడిగినా ఒకటే జవాబు. ఇంటర్ మళ్లీ చదువుతావా? "మీ ఇష్టం మేడమ్." పని నేర్చుకుంటావా? "మీ ఇష్టం." కుర్చీలో కూర్చుంటావా, చాప వేయనా? దానికీ అదే. విసుగులేదు, వెటకారం లేదు. పదేళ్లుగా పనికొచ్చిన జవాబు అది. ఆ మాట అన్న పిల్లను ఎవరూ తిట్టరు.

ప్రయత్నించినవి, పనిచేయనివి

నేను చేరకముందు నుంచే ఇంకో ప్రయత్నం నడుస్తోంది: బంధువుల దగ్గరికి పంపడం. 2020 సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మన రెండు రాష్ట్రాలతో కలిపి ఎనిమిది రాష్ట్రాలకు లేఖ రాసి, హోమ్‌లలోని పిల్లల్ని వంద రోజుల్లో కుటుంబాలకు చేర్చమంది. ఆ గడువు మాట తర్వాత వెనకబడ్డా "ఎంతమందిని పంపారు" అన్న ప్రశ్న సమీక్షా సమావేశాల్లో నిలిచిపోయింది. పిల్లలు కుటుంబంలో పెరగాలన్నదాంతో నాకు పేచీ లేదు. ఏ కుటుంబం, ఎందుకు పిలుస్తోంది, పిల్ల ఏమంటోంది అన్నవి చూడకుండా పంపడంతోనే పేచీ.

జ్యోతికి మేనత్త దొరికింది. ఆధారాలన్నీ సరిపోయాయి. ఇంటి సందర్శనకు వెళ్లినప్పుడు ఆవిడ ఆదరంగానే మాట్లాడింది, కళ్లనీళ్లు పెట్టుకుంది, అన్న పోలికలన్నీ పిల్లలో ఉన్నాయంది. టీ తాగుతుండగా అసలు సంగతి వచ్చింది. తన కొడుక్కి చేసుకుంటుందట. "బావే గదా మేడమ్, పరాయోడా? మా పిల్ల మా ఇంట్లనే ఉంటది." పిల్లకు ఇంకా పద్దెనిమిది నిండలేదని, అది బాల్య వివాహం అవుతుందని చెబితే, "నిండినంకనే చేస్తం" అంది. అది అబద్ధమని నేను అనుకోలేదు.

తిరిగొచ్చాక జ్యోతిని విడిగా కూర్చోబెట్టి అడిగాను. నేల చూస్తూ అంది: "అత్తమ్మ ఇష్టం మేడమ్. మీ ఇష్టం."

ఈ కేసులో నేను ముందుకు ఎలా నడిచానన్నది ఈ మాట మీదే ఆధారపడింది. చాపకూ పెళ్లికీ ఒకే జవాబు ఇచ్చే పిల్లను "నీకేం కావాలి" అని అడిగి, ఆమె చెప్పింది రాసుకుని, "పిల్ల అభిప్రాయం తీసుకున్నాం" అని ఫైల్లో పెడితే అది కాగితానికే సరిపోతుంది. తనకు సంబంధించిన ప్రతి నిర్ణయంలో పాల్గొనే, తన మాట వినిపించే హక్కు బిడ్డకు ఉందని చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది. హక్కు ఉంది సరే, దాన్ని వాడే అలవాటు ఎక్కడ చేశాం? సబ్బు కూడా ఎంచుకోని మనిషిని బతుకు ఎంచుకోమంటున్నాం.

అందుకని పెద్ద ప్రశ్నలన్నీ ఆపేశాను. చదువు, పెళ్లి, భవిష్యత్తు ఏదీ ఎత్తలేదు. సీడబ్ల్యూసీకి మాత్రం మేనత్త ఇంటికి పంపే విషయం వాయిదా వేయమని, కారణాలతో నివేదిక ఇచ్చాను. "వద్దు" అని రాయలేదు. ఆ మాట అనాల్సింది జ్యోతి. అంతదాకా తలుపు మూయకూడదు, తోసెయ్యకూడదు. వాయిదా వేస్తే సమీక్షలో మాట పడుతుందని హోమ్ ఇన్‌చార్జి గునిశారు. పడింది కూడా.

సబ్బుల అర ముందు

పదహారు దాటిన పిల్లలకు వారం వారం కొంత డబ్బు చేతికిచ్చి, వాళ్ల సబ్బు, నూనె, షాంపూ వాళ్లే కొనుక్కునేలా చూడమని ఇన్‌చార్జిని అడిగాను. టోకున కొంటే తక్కువకు వస్తుంది కదా అన్నది ఆవిడ మొదటి అభ్యంతరం. నిజమే. ఇది శిక్షణ ఖర్చు కింద చూడమన్నాను. పోగొట్టుకుంటే? పోగొట్టుకోనివ్వండి, ఇంత చిన్న మొత్తంలో పోగొట్టుకునే వీలు తర్వాత దొరకదు.

మొదటివారం జ్యోతి వెంట కిరాణా కొట్టుకు నేనూ వెళ్లాను. సబ్బుల అర ముందు చాలాసేపు నిలబడింది. కొట్టాయన "ఏం కావాలమ్మా" అంటే నావైపు చూసింది. నేను ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాను. ఒకటి తీసి, వెనక్కి తిప్పి ధర చూసి, పెట్టేసి, చివరికి హోమ్‌లో ఇచ్చే సబ్బే కొంది. మరుసటివారం మైసూర్ శాండల్ వాసన చూసి, రేటు అడిగి, పెట్టేసింది. ఆ తర్వాత చిన్న సైజుది కొంది. దారిలో "రేటెక్కువ మేడమ్, గానీ మంచిగుంటది" అంది. నాతో ఆమె చెప్పిన మొదటి అభిప్రాయం అది. దానికి నేను శభాష్ అనలేదు. మెచ్చుకుంటే రేపటి నుంచి నాకు నచ్చే సబ్బు కొంటుంది.

రెండో పని బాలల కమిటీ. ఆ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల ప్రకారం ప్రతి హోమ్‌లో 6-10, 11-15, 16-18 వయసుల వారీగా పిల్లలతోనే కమిటీలు ఉండాలి. దినచర్య, తిండి, చదువు ప్రణాళిక లాంటివాటిలో వాళ్లకు పాత్ర ఉండాలి. చాలాచోట్ల కమిటీ అంటే ఒక మినిట్స్ పుస్తకం. తీర్మానాలన్నీ ఒకే చేతిరాత, కింద పిల్లల సంతకాలు. ఇక్కడా అంతే. కమిటీకి సలహాలిచ్చే పని కాకుండా ఏదో ఒకదాని మీద పూర్తి అధికారం ఇవ్వాలని పట్టుబట్టాను. బేరసారాలయ్యాక, నెలలో ఆదివారాల మెనూ, దానికయ్యే డబ్బు, సరుకు కొనడం పెద్దపిల్లల కమిటీకి అప్పగించారు. డబ్బు మించితే పైన రూపాయి ఇవ్వరు.

తొలి నెల రెండు ఆదివారాలు చికెన్ దంచేశారు. నెలాఖరు ఆదివారానికి డబ్బు లేదు, పప్పుచారు, అప్పడం. చిన్నపిల్లలు ఏడ్చారు. వార్డెన్ మనసు కరిగి స్టోర్ నుంచి గుడ్లు తీయబోయింది. తీయొద్దన్నాను. ఆ ఒక్కరోజు గుడ్డు కూర పెట్టామంటే కమిటీ మళ్లీ పుస్తకంలోకి పోతుంది.

ఆ సాయంత్రం జ్యోతి స్టోర్ రిజిస్టర్ అడిగి తీసుకుంది. అరవై మందికి పూటకు కందిపప్పు ఎంత పడుతుందో, బియ్యం ఎంతో ఆమెకు నోటికి తెలుసు. కుట్టు మిషను దగ్గర నుంచి తప్పించుకుని వంటింట్లో కూర్చునేది గనక, వంట పెద్దమ్మ పక్కన ఉండి అన్నీ చూసింది. రిజిస్టర్‌లో రాసిన నూనెకూ వాడిన నూనెకూ తేడా ఉందని వేలు పెట్టి చూపించింది. దొంగతనమేమీ కాదు, పాత డబ్బా కొలతే ఇంకా రాస్తూ పోయారు. ఇన్‌చార్జికి కాస్త గుచ్చుకుంది గానీ సరిదిద్దారు. "ఆశయం" అనే గడిలో ఏం రాయాలో ఆ పిల్ల ఏళ్లుగా వంటింట్లో చూపిస్తూనే ఉంది, అడిగే ప్రశ్నలో అది ఇమడలేదు.

వద్దన్న రోజు

కొన్నాళ్లకు తనే వచ్చింది. జమాఖర్చులు, కామర్స్ ఉండే ఇంటర్ గ్రూపు ఏదని అడిగింది. ఊళ్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సీఈసీలో (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) చేరింది. ఒక సంవత్సరం పోయిందని ఇన్‌చార్జి బాధపడితే, "పోయింది నాది గదా మేడమ్" అందట.

మేనత్త విషయం మళ్లీ సీడబ్ల్యూసీ ముందుకు వచ్చింది. ముందురోజు జ్యోతికి ఏం చెప్పాలో నేర్పలేదు. ఏం జరుగుతుందో మాత్రం చెప్పాను: ఎంతమంది కూర్చుంటారు, ఏం అడగొచ్చు, అర్థం కాకపోతే మళ్లీ అడగమని అనొచ్చు, అత్త బయట ఉండగా విడిగా మాట్లాడతానని కోరొచ్చు. నోట మాట రాకపోతే ఇవ్వడానికి కాగితం మీద రాసుకొమ్మన్నాను. ఆమె రాసుకుంది నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. లోపల చదివిందట: అత్తమ్మ అంటే ఇష్టం, బతుకమ్మకు, సంక్రాంతికి పోతా, అక్కడ ఉండను, బావను చేసుకోను. సమితి అదే నమోదు చేసింది.

ఇక్కడ ఒక మాట. బంధువుల్ని "పంపడమా, తెంచడమా" అని రెండే దారులుగా చూస్తాం. పండక్కి పోయి రావడం అనే మూడోది జ్యోతి తనే కనిపెట్టింది. మేనత్త కొన్నాళ్లు అలిగింది. తర్వాత దసరాకు చీర పెట్టింది.

కాగితాలు

ఎక్కువ సమయం తిన్నది ఇదే. హోమ్‌లోని పిల్లలకు గుర్తింపు పత్రాలు ఇప్పించడంలో సాయపడటం సంస్థ బాధ్యతేనని 53వ సెక్షన్ చెబుతోంది. జ్యోతికి ఆధార్ ఉంది, చిరునామా హోమ్‌ది. మైనర్‌గా తెరిచిన బ్యాంకు ఖాతా పద్దెనిమిది నిండితే కొత్త సంతకం, కేవైసీ ఇచ్చేదాకా ఆగిపోతుంది. సరిగ్గా సాయం డబ్బు రావాల్సిన నెలలో ఖాతా స్తంభిస్తుందన్నమాట. అందుకని ముందే తేదీ రాసి పెట్టుకున్నాం.

కులపత్రం ఇంకా చిక్కు. ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన సంస్థల్లో చేరిన అనాథ పిల్లల్ని మన దగ్గర బీసీ-ఏలో చేర్చారు. ఈ సంగతి చాలా హోమ్‌లకే తెలియదు. కానీ జ్యోతి తండ్రి చనిపోయినట్టు కాగితం లేదు, బతికున్నట్టు ఆధారమూ లేదు. మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ కార్యాలయం తండ్రి మరణ ధ్రువపత్రం అడిగింది. సీడబ్ల్యూసీ పాత ఉత్తర్వుల నకళ్లు, విచారణ నివేదిక జతచేసి తిరగాల్సి వచ్చింది. కొన్నిసార్లు జ్యోతి ఒక్కతే వెళ్లింది. నేను వెళితే పని త్వరగా అయ్యేదే. రేపు నేనుండని చోట ఇదే కౌంటర్ ముందు నిలబడాలి కదా అని ఆగాను. ఒకరోజు క్లర్కు అందరి ముందు "మీ నాన్న ఎవరో తెల్వదా" అని గట్టిగా అన్నాడట. వచ్చి రాత్రి అన్నం తినలేదు. తర్వాతిసారి అన్ని నకళ్లూ ఒక ఫైల్లో వరుసగా పెట్టి, పైన ఒక తెల్లకాగితం మీద విషయం రాసుకుని తీసుకెళ్లింది. అడిగితే ఆ కాగితం చేతికిచ్చిందట, నోరు విప్పలేదు. పత్రం వచ్చింది.

బయట

పద్దెనిమిది నిండినా విద్యాసంవత్సరం పూర్తయ్యేదాకా హోమ్‌లో ఉండేందుకు అనుమతి తెచ్చుకున్నాం. పద్దెనిమిది నిండి హోమ్ వదిలేవాళ్లకు చట్టం 46వ సెక్షన్ కింద ఆర్థిక సాయం, కేంద్ర పథకం మిషన్ వాత్సల్య 2022 మార్గదర్శకాల ప్రకారం నెలకు 4,000 రూపాయలు. ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు మా దగ్గరున్న జవాబు వర్కింగ్ విమెన్స్ హాస్టల్. జ్యోతి, అంతకుముందు హోమ్ నుంచి వెళ్లిన ఇద్దరు అమ్మాయిలు కలిసి అద్దె గది కావాలన్నారు. భద్రత అని ఇన్‌చార్జి భయపడ్డారు. నాకూ భయం ఉంది. కానీ హాస్టల్ మరో గంట కొట్టే చోటే. అందుకని షరతులు ఇద్దరమూ పెట్టుకున్నాం. మావి: ఇల్లు మేం చూడాలి, వారానికోసారి ఫోన్. వాళ్లవి: చెప్పకుండా రావొద్దు, వచ్చినా ఇంటి ఓనర్ ముందు హోమ్ మాట ఎత్తొద్దు.

ఈ రెండోది నేను ఊహించలేదు. గది చూసేటప్పుడు ఓనర్లు అడిగే మొదటి ప్రశ్న "మీవాళ్లు ఎక్కడుంటారు". ముగ్గురూ కూర్చుని జవాబు తయారు చేసుకున్నారు: "హాస్టల్లో ఉండి చదువుకున్నం. మా అత్త ఊళ్లో ఉంటది." అబద్ధం ఒక్కటీ లేదు. ఎవరికి ఎంత చెప్పాలో వాళ్ల చేతిలో ఉంది.

ప్రణాళికలో "అత్యవసర పరిస్థితిలో సంప్రదించాల్సిన వ్యక్తి" దగ్గర ప్రొబేషన్ అధికారి పేరు, నా పేరు టైపు చేసి ఉన్నాయి. జ్యోతి పెన్నుతో రెండూ కొట్టేసి వంట పెద్దమ్మ పేరు రాసింది. పెద్దమ్మ ఠారెత్తిపోయింది: "ఏమన్నైతే నా మీదికొస్తదా బిడ్డా?" ఆవిడకు చట్టపరంగా ఏ బాధ్యతా లేదని, ఫోన్ వస్తే ఎత్తి మాకు చెబితే చాలని వివరించి, మా నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాం. ఆ ఏడు వానాకాలంలో జ్యోతికి జ్వరమొచ్చినప్పుడు అర్ధరాత్రి ఫోన్ వెళ్లింది ఆవిడకే. తెల్లారేసరికి మాకు తెలిసింది, ఆస్పత్రికి తీసుకెళ్లాం. నా పేరే ఉండి ఉంటే "మేడమ్‌ను లేపుడెందుకు" అని తెల్లారేదాకా ఓర్చుకునేదని తనే చెప్పింది.

అన్నీ సాఫీగా పోలేదు. సాయం డబ్బు రెండు నెలలది కలిపి ఆలస్యంగా పడింది. పడ్డరోజే ఫోన్ కొంది, అత్తకు చీర కొంది. అద్దెకు లేదు. ఇకనుంచి డబ్బు నేరుగా ఇవ్వకుండా మనమే అద్దె కట్టేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. ఇంట్లో పెరిగిన పిల్లలూ మొదటి జీతంతో ఇదే చేస్తారు. వాళ్లకు అమ్మ తిట్టి అన్నం పెడుతుంది. మేమూ అంతే చేశాం: బియ్యం, గ్యాస్ ఇచ్చాం, డబ్బు ఇవ్వలేదు. అద్దె ఎలా కడతావో ఓనర్‌తో నువ్వే మాట్లాడుకొమ్మన్నాం. మూడు వాయిదాలు ఒప్పించుకుంది. ఆ బాకీ కోసమే పార్ట్‌టైమ్ పని వెతుక్కుంది, ఒక హోల్‌సేల్ కిరాణాలో సాయంత్రాలు సరుకు లెక్క రాయడం. ఆ పని ఇప్పటికీ చేస్తోంది. ఇంటర్ పాసై దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీకాంలో చేరింది.

మా పద్ధతిలో మారినవి

మిగతా పిల్లల విషయంలో కొన్ని మార్చాం. చేతికి డబ్బు పద్నాలుగేళ్ల నుంచే మొదలుపెడుతున్నాం. పదిహేడున్నరకు మొదలుపెడితే పొరపాటు చేసి కోలుకునే వ్యవధి ఉండదు. ప్రణాళికలో "ఆశయం" గడి నింపేముందు ఆ పిల్ల ఖాళీ దొరికితే హోమ్‌లో ఎక్కడ కనిపిస్తుందో వార్డెన్‌ను, వంటవాళ్లను అడుగుతాం. కాగితాల పని పదహారు నిండగానే మొదలవుతుంది. సాయం డబ్బు ఆలస్యమవడం మాత్రం మా చేతిలో లేదు. రెండు నెలల అద్దెకు సరిపడా చేబదులు నిధి పెట్టాం, అదీ ఒకేసారి ఇద్దరికి అవసరమైతే చాలదు.

సంస్థ వార్షికోత్సవంలో మాట్లాడమని జ్యోతిని పిలిచారు. దాతలొస్తారు, స్ఫూర్తిగా ఉంటుందన్నారు. రానంది. పిల్లల కమిటీకి స్టోర్ లెక్కలు నేర్పడానికైతే వస్తానంది, వస్తోంది కూడా. వేదిక మీద తమ కథ చెప్పించుకోవడాన్ని పిల్లల్ని భాగస్వాముల్ని చేయడంగా లెక్కేసుకునేవాళ్లు మన రంగంలో చాలామంది. రిజిస్టర్ మీద పెన్ను ఎవరిదని అడిగితే తేలిపోతుంది.

ఈ జనవరి 1కి ఆమెకు ఇరవై ఒకటి నిండుతుంది, డిగ్రీ రెండో సంవత్సరం మధ్యలో. సాయం అక్కడితో ఆగాలి. ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు పొడిగించే వీలు నియమాల్లో ఉంది. దరఖాస్తు ముసాయిదా నేను రాసి పంపితే, నెల ఖర్చుల పట్టికలో కరెంటు బిల్లు వేయలేదని, గ్యాస్ పాత రేటు వేశారని ఎర్రపెన్నుతో దిద్ది వెనక్కి పంపింది. "అనాథ" అన్న చోటల్లా కొట్టేసి "విద్యార్థిని" అని రాసింది. ఒకచోట ఆ మాట ఉంచక తప్పదని, బీసీ-ఏ పత్రంలో అలాగే ఉందని చెప్పాను. ఆలోచించి చెబుతానంది. దరఖాస్తు ఇంకా ఆమె దగ్గరే ఉంది.